కెప్టెన్ ఆర్మ్‌బ్యాండ్: మహిళల ఫుట్‌బాల్ జట్టుకి ఏది నిలుస్తుంది, ఏది జారుతుంది

2015 జులై 5న వాంకూవర్‌లో జరిగిన మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో కార్లీ లాయిడ్ మొదటి 16 నిమిషాల్లోనే జపాన్ మీద 3 గోల్స్ కొట్టింది. అప్పుడు అమెరికా కెప్టెన్ పట్టీ ఆమె చేతికే ఉంది. 79వ నిమిషంలో యాబీ వామ్‌బాక్ సబ్‌స్టిట్యూట్‌గా లోపలికి రాగానే లాయిడ్ ఆ పట్టీ తీసి తీసుకెళ్లి ఆమె జబ్బకి వేసింది. ఆట 5-2తో ముగిసింది. ఆ మ్యాచ్ తలచుకున్నప్పుడల్లా అందరికీ సగం మైదానం దగ్గర్నుంచి లాయిడ్ కొట్టిన గోలే గుర్తొస్తుంది. జట్టుకి కిట్ కొనేవాళ్లు మాత్రం ఆ 79వ నిమిషం కూడా చూడాలి. ఆట ఆగిన ఆ కాసేపట్లో పట్టీ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారాలి. కొత్త చేయి సన్నమైనా లావైనా అక్కడ బిగిసి నిలవాలి. ఆట మొదలయ్యాక దాని మీదకి ఎవరి ధ్యాసా పోకూడదు. దొరికే పట్టీల్లో చాలావాటికి ఇది చేతకాదు.

ఇక్కడ చూస్తున్నది మూడు రకాలు: గొట్టంలా అల్లిన మామూలు ఎలాస్టిక్ పట్టీ, వెల్‌క్రోతో చుట్టి అంటించే పట్టీ, లోపలివైపు సిలికాన్ గీతలు వేసిన ఎలాస్టిక్ పట్టీ. ముందే తీర్పు చెప్పేస్తే, సీజన్ అంతా ఒక్కరే కెప్టెన్‌గా ఉండే జట్టుకి సిలికాన్ రకం, కెప్టెన్లు మారుతూ ఉండే జట్టుకి సాగే గుణం ఉన్న వెల్‌క్రో రకం తీసుకోండి. మామూలు గొట్టం రకం చేతి కొలతకి సరిగ్గా కుదిరితే బాగానే పనిచేస్తుంది. ఆ కుదరడమే అరుదు.

పట్టీ నిలవకపోతే ఏమవుతుంది, అంత పట్టించుకోవాలా అనేవాళ్లకి నియమాలు చూపించాలి. ఫుట్‌బాల్ నియమావళి 2024-25 కూర్పు ప్రకారం ప్రతి జట్టుకీ మైదానంలో ఒక కెప్టెన్ ఉండాలి, ఆమె చేతికి గుర్తింపు పట్టీ ఉండి తీరాలి. ఆ పట్టీ పోటీ నిర్వాహకులు ఇచ్చినదో, ఒప్పుకున్నదో అయి ఉండాలి. లేదంటే ఒకే రంగు పట్టీ కావాలి. దాని మీద 'కెప్టెన్' అనే మాటో, ఇంగ్లిష్ 'సి' అక్షరమో, ఆ మాటకి వేరే భాషలో అనువాదమో ఉండొచ్చు. ఆ అక్షరాలు కూడా ఒకే రంగులో ఉండాలి. అందుకే నాలుగు రంగుల చారలతో, పూల డిజైన్లతో వచ్చే పట్టీలు చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా అధికారిక మ్యాచ్‌కి కొనకండి.

దీనికి తోడు అదే సీజన్ నుంచి, నిర్వాహకులు అమలు చేయాలనుకున్న పోటీల్లో, కీలకమైన నిర్ణయం తర్వాత రెఫరీ దగ్గరికి వెళ్లి మాట్లాడే వీలు కెప్టెన్‌కి ఒక్కరికే ఉంది. మిగతావాళ్లు మీద మీదకి వస్తే పసుపు కార్డు చూపించొచ్చు. పది మంది చుట్టుముట్టినప్పుడు ఎవరు రావొచ్చో, ఎవరు వెనక్కి పోవాలో రెఫరీకి చెప్పేది ఆ పట్టీయే. అది మోచేతి కిందకి జారి, ముడతలు పడి, తాడులా చుట్టుకుపోయి ఉంటే రెఫరీకి కనపడదు. కెప్టెన్‌కి ప్రత్యేక హోదా గానీ హక్కులు గానీ లేవని, జట్టు ప్రవర్తన విషయంలో కొంత బాధ్యత మాత్రం ఉందని నియమావళి చెబుతుంది. ఆ బాధ్యత నెరవేర్చాలంటే ముందు ఆమె ఎవరో తెలియాలి కదా.

పట్టీ ఎందుకు జారుతుందో తెలిస్తే కొనేటప్పుడే సగం తప్పులు తప్పుతాయి. జబ్బ పైభాగం లావుగా, మోచేతి వైపు సన్నంగా ఉంటుంది. పరుగెత్తేటప్పుడు మోచేయి మడిచి ఉంటుంది కాబట్టి కండ ఉబ్బుతుంది, వదులవుతుంది, మళ్లీ ఉబ్బుతుంది. ఉబ్బిన ప్రతిసారీ పట్టీని సన్నగా ఉన్న వైపుకి కాస్త తోస్తుంది. ఒక్క అడుగుకి ఎంతో కాదు, వేల అడుగులకి అది మోచేతి దాకా దిగుతుంది. పైగా చెమటకి తడిసిన పాలియెస్టర్ స్లీవ్ జారుడుగా మారుతుంది. స్లీవ్ వదులుగా ఉంటే పట్టీ కింద గుడ్డ మడతలు పడి, ఆ మడతల మధ్య ఖాళీలు ఏర్పడతాయి. అప్పుడు పట్టీ చేతిని పట్టుకోదు, ముడతల్ని పట్టుకుంటుంది.

మహిళల జట్లకి ఇది రెండింతల బాధ. పట్టీలు ఎక్కువగా జూనియర్, సీనియర్ అని రెండే సైజుల్లో వస్తాయి. సీనియర్ అంటే వయసొచ్చిన మగవాళ్ల జబ్బ, జూనియర్ అంటే పిల్లల జబ్బ. చాలామంది మహిళా ప్లేయర్ల చేయి ఈ రెండింటి మధ్య ఉంటుంది. సీనియర్ వేస్తే జారుతుంది, జూనియర్ వేస్తే కోస్తుంది. హోమరే సావా 1995 నుంచి 2015 వరకు 6 ప్రపంచ కప్‌లు ఆడింది. 2011లో జపాన్ కెప్టెన్‌గా ఫైనల్లో 117వ నిమిషంలో స్కోరు సమం చేసి కప్పు గెలిపించింది. అలాంటి క్రీడాకారిణులు ఆడే ఆటకి ఇప్పటికీ సరైన మధ్య సైజు పట్టీ కోసం వెతుక్కోవాల్సి రావడం తయారీదారుల నిర్లక్ష్యమే, ఇంకో మాట లేదు.

కాబట్టి సైజు పేరు నమ్మకండి, టేపు తీసుకోండి. మ్యాచ్ జెర్సీ వేసుకున్నాకే కొలవాలి, ఉత్త చేతి మీద కాదు. భుజం చివర ఎముకకీ మోచేతికీ మధ్యన, చేయి వదులుగా వేలాడదీసి, స్లీవ్ మీదుగా చుట్టుకొలత తీయండి. తర్వాత మోచేయి మడిచి కండ బిగించి మరోసారి తీయండి. గొట్టం రకం పట్టీ సాగదీయకుండా ఉన్నప్పటి చుట్టుకొలత మొదటి కొలత కన్నా 10 నుంచి 15 శాతం తక్కువ ఉండాలి. అంటే స్లీవ్ మీద 28 సెంటీమీటర్లు వస్తే 24 నుంచి 25 సెంటీమీటర్ల పట్టీ కావాలి. అంతకన్నా వదులైతే మొదటి పావుగంటలోనే దిగుతుంది. 20 శాతం దాటి బిగుతైతే రెండో సగానికి చేయి తిమ్మిరెక్కుతుంది, విప్పాక ఎర్రగా గాడి పడి ఉంటుంది. రెండో కొలత మొదటిదాని కన్నా 3 సెంటీమీటర్లకి మించి ఎక్కువుంటే కండ బాగా ఉబ్బే చేయి అన్నమాట. అలాంటి చేతికి గొట్టం రకం మానేసి వెల్‌క్రోకి వెళ్లడమే మేలు. దుకాణంలో చుట్టుకొలత రాసి లేకపోతే పట్టీని బల్ల మీద పరిచి అడ్డంగా కొలిచి రెండింతలు చేయండి. పరిచినప్పుడు 12 సెంటీమీటర్లుంటే చుట్టుకొలత 24.

మామూలు గొట్టం రకంలో మెచ్చుకోదగ్గది దాని తేలిక. అంటించేదీ విప్పేదీ ఏమీ ఉండదు, చేయి దూర్చి పైకి లాగితే అయిపోయింది. జెర్సీని పీకదు, ఎవరినీ గీరదు. కానీ దీని ఎలాస్టిక్ త్వరగా చస్తుంది. కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయండి. పట్టీని దాని పొడవుకి ఒకటిన్నర రెట్లు సాగదీసి 30 సెకన్లు పట్టుకుని వదిలేయండి. ఒక నిమిషం ఆగి కొలవండి. పరిచిన వెడల్పు అర సెంటీమీటరు పెరిగిందంటే అది కొత్తదైనా వద్దు. అంచులు కూడా చూడాలి. సాగదీసినప్పుడు అంచు అలలు అలలుగా లేస్తే అల్లిక వదులు అన్నట్టు. అలాంటి పట్టీ రెండో మ్యాచ్‌కే చుట్టుకుపోయి తాడవుతుంది.

వదులుగా ఉన్న గొట్టాన్ని బిగించడానికి పై అంచుని కిందికి మడిచేయడం అందరికీ అలవాటు. మడిచిన చోట ఎలాస్టిక్ రెండు పొరలై పట్టు పెరిగే మాట నిజమే. కానీ 7 సెంటీమీటర్ల పట్టీ సగమై అక్షరం లోపలికి పోతుంది, రెఫరీకి కనిపించేది ఉత్త గుడ్డ పట్టీ. అంతకన్నా మేలైన దారి, పట్టీ కింది అంచు దగ్గర స్లీవ్ మీద స్పోర్ట్స్ టేపు ఒకే ఒక్క చుట్టు వేయడం. టేపుని లాగి బిగించకూడదు, ఊరికే పరిచినట్టు వేయాలి. పట్టీ దిగుతూ వచ్చి ఆ గట్టు దగ్గర ఆగుతుంది. ఇంకో మాట. తలకో చేతికో వేసుకునే రబ్బరు బ్యాండుని పట్టీ మీద వేసి బిగించడం కొన్నిచోట్ల కనిపిస్తుంది. నియమావళి నిషేధించిన ఆభరణాల జాబితాలో రబ్బరు బ్యాండు పేరు పెట్టి మరీ ఉంది. రెఫరీ తీసేయమంటారు, తీయగానే పట్టీ జారుతుంది.

ఏ రకమైనా సరే, వేసే పద్ధతిలో ఒక కిటుకుంది. ముందు ఎడమ చేయి పూర్తిగా పైకెత్తి, త్రో-ఇన్ వేసేటప్పటిలా, అంటే పక్క గీత దగ్గర్నుంచి బంతిని రెండు చేతులతో లోపలికి విసిరేటప్పటిలా, తల వెనక్కి తీసుకెళ్లండి. స్లీవ్ ఎంత పైకి లాగుతుందో చూసి, అంత గుడ్డ, సాధారణంగా 2 సెంటీమీటర్లు, భుజం వైపు వదులుగా వదిలి అప్పుడు పట్టీ వేయండి. ఈ వదులు లేకపోతే మొదటి త్రో-ఇన్‌కే స్లీవ్ పట్టీని పైకి లాగుతుంది, చేయి దించాక అది వంకరగా కూర్చుంటుంది. పట్టీ మొత్తం స్లీవ్ మీదే ఉండాలి. పై సగం గుడ్డ మీద, కింది సగం చర్మం మీద పడితే రెండుచోట్లా పట్టు వేరు కాబట్టి మెలిపడుతుంది. మహిళల కటింగ్‌లో వచ్చే జెర్సీల చేతులు పొట్టిగా ఉంటే 8 సెంటీమీటర్ల పట్టీ దాని మీద సరిపోదు, 6 సెంటీమీటర్లది తీసుకోవాలి.

ఇక వెల్‌క్రో రకం. జాతీయ జట్టు కెప్టెన్సీ ఎలా చేతులు మారుతుందో చూస్తే దీని విలువ తెలుస్తుంది. 2022 యూరో కప్పుని వెంబ్లీలో ఎత్తిన లియా విలియమ్సన్‌కి 2023 ఏప్రిల్‌లో మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగింది. ఆ ఏడాది ప్రపంచ కప్‌లో ఇంగ్లండ్ పట్టీ మిల్లీ బ్రైట్ చేతికి వెళ్లింది. 2025 జులై 27న బాసెల్‌లో స్పెయిన్‌ని పెనాల్టీల్లో ఓడించి మళ్లీ యూరో గెలిచినప్పుడు కెప్టెన్ విలియమ్సనే. 2023 ఆగస్టు 20న సిడ్నీ ఫైనల్లో స్పెయిన్ కెప్టెన్‌గా ఉండి 29వ నిమిషంలో ఏకైక గోల్ కొట్టిన ఓల్గా కార్మోనా కూడా ఆ జట్టుకి రోజూ ఉండే కెప్టెన్ కాదు. జట్టు పట్టీ ఒక్కరి చేతికే ఉండిపోతుందని అనుకుని సైజు కొనడానికి లేదు.

వెల్‌క్రో పట్టీ మంచిదా కాదా అన్నది మూడు చోట్ల తెలుస్తుంది. ఒకటి, పట్టీ గుడ్డ స్వయంగా సాగాలి. సాగని నైలాన్ గుడ్డకి వెల్‌క్రో కుట్టి అమ్ముతారు, అది కండ ఉబ్బినప్పుడు కోస్తుంది, వదులైనప్పుడు జారుతుంది. రెండు, మెత్తటి ముఖం పొడవుగా, కనీసం 10 సెంటీమీటర్లుండాలి. అప్పుడే సన్నచేతికీ లావుచేతికీ ఎక్కడ కావాలంటే అక్కడ అంటుతుంది. మూడు, గరుకు ముఖం మూలలు గుండ్రంగా కత్తిరించి, దాని అంచు బయటికి పొడుచుకు రాకుండా కుట్టి ఉండాలి. ఈ మూడోది చాలామంది చూడరు. పొడుచుకు వచ్చిన గరుకు మూల ఒక్కటి చాలు, జెర్సీ జాలీ గుడ్డ దారాలు లాగేస్తుంది, కార్నర్ దగ్గర తోపులాటలో ఎదుటి ప్లేయర్ చేయి గీరుకుంటుంది. మ్యాచ్‌కి ముందు రెఫరీ కిట్ చూసేటప్పుడు అపాయకరం అనిపిస్తే మార్చమనే హక్కు ఉంది.

దీని పెద్ద జబ్బు గరుకు ముళ్లలో గడ్డి పరకలు, వెంట్రుకలు, సాక్సుల దారాలు ఇరుక్కోవడం. సగం ముళ్లు నిండితే పట్టు సగమైనట్టే, వానలో అయితే మ్యాచ్ మధ్యలో ఊడుతుంది. ప్రతి మ్యాచ్ తర్వాత పాత టూత్‌బ్రష్‌తో ముళ్ల వరసకి అడ్డంగా గీకండి, మొండిగా ఉన్నవి సూదితో తీయండి. సంచిలో పడేసేటప్పుడు అంటించి పడేయాలి. తెరిచి పెట్టిన వెల్‌క్రో పక్కనున్న జెర్సీని వదలదు.

సిలికాన్ గీతల రకం మూడింటిలో బాగా నిలిచేది. గీతలు స్లీవ్ గుడ్డని పట్టుకుంటాయి కాబట్టి ఎలాస్టిక్ అంత బిగుతుగా ఉండక్కర్లేదు, 8 నుంచి 10 శాతం తక్కువ కొలత చాలు, చేతికి సుఖంగా ఉంటుంది. అలలు అలలుగా వేసిన మూడు సన్నని గీతలు ఒకే వెడల్పాటి గీత కన్నా నయం, ఎందుకంటే వెడల్పు గీత ఎలాస్టిక్‌తో సమానంగా సాగక పగుళ్లిస్తుంది. గోటితో ఒక చివర మెల్లగా గీరి చూడండి, పొరలా లేస్తే అది పైన అద్దినదే, పది ఉతుకుల్లో పోతుంది. ఉత్త చర్మం మీద వేస్తే చెమటకి కొందరికి దురద, ఎర్రటి దద్దుర్లు వస్తాయి. స్లీవ్ మీదే వేయాలనడానికి ఇది రెండో కారణం. తొడిగేటప్పుడు గీతలు గుడ్డని పట్టేసి స్లీవ్ పైకి చుట్టుకుపోతుంది, కాబట్టి పట్టీని తిరగేసి చేతికి ఎక్కించి, సరైన చోటికి వచ్చాక పై సగాన్ని సరిచేయాలి. హడావిడిలో మార్చాల్సి వస్తే ఈ తంతు కుదరదు. కెప్టెన్లు మారే జట్టుకి ఇది వద్దన్నది అందుకే.

గోల్‌కీపర్ కెప్టెన్ అయితే లెక్క మారుతుంది. నాడినే ఆంగెరర్ 2013 యూరో ఫైనల్లో జర్మనీ కెప్టెన్‌గా నార్వే మీద 2 పెనాల్టీలు ఆపింది, జట్టు 1-0తో గెలిచింది. అలా పక్కకి దూకి పడేవాళ్ల ఎడమ జబ్బ పదే పదే నేలకి రాసుకుంటుంది. వెల్‌క్రో అతుకు బయటివైపు ఉంటే మట్టి పట్టి తెరుచుకుంటుంది, అతుకుని చంక వైపుకి తిప్పాలి. పొడవు చేతుల జెర్సీకి మోచేతి దగ్గర మెత్త ఉంటే పట్టీ దానికి తగలకుండా నాలుగు వేళ్లు పైన ఉండాలి. నిజానికి కీపర్లకి మెత్తటి గొట్టం రకమే మేలు, ఇక్కడొక్కచోట దానికి మొదటి స్థానం ఇవ్వాలి. కెప్టెన్ ఒక్కరే రెఫరీతో మాట్లాడాలన్న పద్ధతి ఉన్న పోటీల్లో కీపర్ కెప్టెన్ అయితే, ఆమె బదులు మాట్లాడే ఫీల్డ్ ప్లేయర్ ఎవరో టాస్ దగ్గరే రెఫరీకి చెప్పాలి. ఇది మర్చిపోయే జట్లు చాలా ఉన్నాయి.

రంగు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: స్లీవ్ రంగుకి ఎదురు రంగు. ముదురు జెర్సీకి పసుపు లేదా తెలుపు, లేత జెర్సీకి నలుపు లేదా ముదురు నీలం. ముద్రించిన అక్షరం కన్నా నేతలో కలిపిన అక్షరం చాలాకాలం ఉంటుంది. పట్టీ మీది సందేశాల సంగతి వేరు. 2023 మహిళల ప్రపంచ కప్‌కి ఫిఫా 8 రకాల సందేశాల పట్టీలు ఇచ్చి వాటిలోంచే ఎంచుకోమంది. స్వలింగ ప్రేమికులకి మద్దతు తెలిపే ఇంద్రధనుస్సు పట్టీకి చోటు లేదు. ఆ జులై 20న ఆక్లాండ్‌లో నార్వేని 1-0తో ఓడించి న్యూజీలాండ్ తన మొట్టమొదటి ప్రపంచ కప్ విజయం అందుకుంది. మ్యాచ్ తర్వాత మాట్లాడిన కెప్టెన్ అలీ రైలీ గోళ్ల మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపించాయి. పట్టీ మీద చెప్పలేనిది ఆమె గోళ్ల మీద చెప్పింది. మీ పోటీలో సందేశం ఉన్న పట్టీ వేయాలనుకుంటే నిర్వాహకుల అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, మామూలు ఒకే రంగు పట్టీ ఒకటి సంచిలో పెట్టుకోండి.

ఉతకడం: 30 డిగ్రీలు దాటని నీళ్లు, వల సంచి, మామూలు సబ్బు. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ అసలు వద్దు, అది సిలికాన్ మీద జిడ్డు పొరలా పేరుకుని పట్టంతా పోగొడుతుంది. బ్లీచ్, డ్రయర్ వేడి ఎలాస్టిక్ దారాన్ని పెళుసు చేస్తాయి. సాగదీస్తే సన్నగా చిటచిటమని వినిపించిందంటే లోపల దారాలు తెగుతున్నట్టే, ఆ పట్టీని ప్రాక్టీసుకి మార్చేయండి. నీడలో పరిచి ఆరబెట్టాలి, తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకి ఒక పక్క సాగుతుంది.

క్రిస్టీన్ సింక్లెయిర్ 2000లో 16 ఏళ్ల వయసులో కెనడాకి ఆడటం మొదలుపెట్టి 2023 డిసెంబర్ దాకా 331 మ్యాచ్‌ల్లో 190 గోల్స్ కొట్టింది. అంతర్జాతీయ ఫుట్‌బాల్లో ఆడ, మగ ఎవరూ అన్ని గోల్స్ కొట్టలేదు. ఏళ్ల తరబడి కెనడా పట్టీ అంటే ఆమె చెయ్యే. అంతటి కెప్టెన్ కూడా టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో, 2021 ఆగస్టు 6న స్వీడన్ మీద, నిర్ణీత సమయం ముగిసేలోపే బయటికి వచ్చేసింది. అదనపు సమయం, పెనాల్టీలు ఆమె లేకుండానే జరిగాయి, స్వర్ణం వచ్చింది. షూటౌట్‌కి ముందు మళ్లీ టాస్ ఉంటుంది, ఆ టాస్‌కి కెప్టెన్ కావాలి. అందుకని మొదటి కెప్టెన్ చేతి కొలత ఒక్కటే రాసుకుంటే చాలదు, రెండో మూడో వరసలో ఉన్నవాళ్ల కొలతలూ రాసుకుని, వాళ్లందరికీ సరిపోయే పట్టీ సంచిలో ఉంచాలి. 2019 నుంచి సబ్ అయ్యే ప్లేయర్ తనకి దగ్గరున్న గీత మీదుగానే బయటికి పోవాలి కాబట్టి, కెప్టెన్ అవతలి పక్క నుంచి వెళ్లిపోతే పట్టీ ఆమెతోనే పోతుంది. నంబరు బోర్డు పైకి లేవగానే, ఇంకా గీత దాటకముందే, పట్టీ విప్పి వరసలో తర్వాతి ఆమెకి ఇచ్చేలా ప్రాక్టీసులో నాలుగైదుసార్లు చేయించండి, అదీ తడి చేతులతో.